ఒళ్లు చేసిందా, నీరు పట్టిందా?



మంచంలో ఉన్న రోగిని చూడటానికి వచ్చిన బంధువులు ఒక్కోసారి "ఫర్వాలేదు, కాస్త ఒళ్లు చేశాడు" అని సంతోషపడుతుంటారు. మా సిస్టర్లు ఆ మాటతో తృప్తిపడరు. చీలమండ దగ్గర బొటనవేలితో కొన్ని క్షణాలు గట్టిగా నొక్కి వదులుతారు. నొక్కినచోట గుంట అలాగే నిలిచిపోతే అది కండ కాదు, నీరు. గుండెలోనో, కిడ్నీలోనో, కాలేయంలోనో తేడా ఉందేమోనని డాక్టరుగారికి కబురు చేస్తారు. బరువు తూచే మిషనుకు ఈ తేడా తెలియదు. కండ పెరిగినా, నీరు చేరినా దాని ముల్లు ముందుకే పోతుంది.

సంఘాల విషయంలో మనం మిషను ముల్లునే చూస్తున్నామని నా అభిప్రాయం. నగరం మన వైపు జరుగుతూ వస్తోంది. మొయినాబాద్ నుండి చేవెళ్ల దాకా భూముల ధరలు పెరిగాయి, ఇండ్లు పెరిగాయి, ప్రార్థనా మందిరాలూ పెరిగాయి. ఇద్దరు విశ్వాసులు కలుసుకుంటే "మీ సంఘానికి ఎంతమంది వస్తున్నారు? స్లాబు పడిందా? సౌండ్ సిస్టమ్ ఎంతైంది?" అనే అడుగుతున్నారు. ఇవి అడగకూడని ప్రశ్నలని నేను అనను. రేకుల షెడ్డులో ఏప్రిల్ నెల ఆరాధనకు కూర్చున్నవారికి స్లాబు విలువ తెలుసు. కాని వేలితో నొక్కి చూసేవారు కూడా ఒకరుండాలి కదా.

కొరింథు సంఘాన్ని చూడండి. భాషలు, ప్రవచనాలు, స్వస్థతలు, ఏ వరంలోనూ లోటు లేని సంఘం. ఈ రోజు మన ఊర్లో ఉంటే బస్సులు కట్టుకొని పోయి చూసి వద్దుము. పౌలు మాత్రం వారిని ఇంకా పాలు తాగే పసిపిల్లలనే అన్నాడు. కారణం వారి మధ్య ఉన్న అసూయ, కలహం. అన్నదమ్ములు కోర్టుకెక్కారని, ప్రభువు బల్ల దగ్గర కూడా ఉన్నవాడు ముందే తిని లేనివాడు ఆకలితో ఉండిపోయాడని గద్దించాడు. బిడ్డకు ఆరు నెలలు నిండాక కూడా మెత్తని అన్నం, పప్పు మొదలుపెట్టకుండా పాలే పట్టిస్తుంటే ఏమవుతుందో మా పిల్లల వార్డుకు వస్తే కనబడుతుంది. బిడ్డ నవ్వుతూనే ఉంటాడు, ఎదుగుదల మాత్రం ఆగిపోతుంది.

ఒకప్పుడు మన దేశంలో సంఘాల ఆత్మీయ స్థితిని నిజంగానే పరీక్ష చేశారు. గుంపులు గుంపులుగా జనం క్రైస్తవులైన ప్రాంతాలలో జె. వాస్కమ్ పికెట్ అనే మెథడిస్టు మిషనరీ నాయకత్వంలో ఒక సర్వే జరిగింది. దాని ఫలితాలు 1933లో పుస్తకంగా వచ్చాయి. మన తెలుగు ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. ప్రభువు నేర్పిన ప్రార్థన వచ్చా, ఆరాధనకు వస్తున్నారా, కానుక ఇస్తున్నారా, దయ్యాల భయం పోయిందా, తాగుడు తగ్గిందా అని విచారించారు. ఏ ఉద్దేశంతో సంఘంలోకి వచ్చారన్నదాని కంటే, వచ్చిన తర్వాత వారికి ఎంత బోధ, ఎంత పోషణ దొరికిందన్నదే వారి ఎదుగుదలను ఎక్కువగా తేల్చిందని ఆ సర్వేలో బయటపడింది. నర్సులకు ఇది కొత్త సంగతి కాదు. ఆపరేషన్ గంటలో అయిపోతుంది, ఆ తర్వాత కట్లు మార్చేవారు, లేపి నడిపించేవారు ఉంటేనే మనిషి ఇంటికి పోతాడు. మన దగ్గర బాప్తిస్మాల ఫోటోలు చాలా ఉన్నాయి. అవి తీసి ఏడాది గడిచాక ఆ ఫోటోలో ఉన్నవారిలో ఎంతమంది ఇండ్లకు వెళ్లి పలకరించామో చెప్పగల సంఘాలు ఎన్ని?

ఇక మా వార్డుకు నేరుగా తగిలే సంగతికి వస్తాను. ఇది రాయడానికే కలం పట్టుకున్నాను.

స్వస్థత కూటాలలో సాక్ష్యం చెప్పేవారు వేదిక మీద "నేను మాత్రలు పారేశాను" అంటే జనం చప్పట్లు కొడతారు, హల్లెలూయా అంటారు. షుగరుకు ఇన్సులిన్ మానేసినవారు, ఫిట్స్ మాత్రలు మానేసినవారు, టీబీ మందు రెండో నెలలోనే ఆపేసినవారు కొద్ది రోజులకో, కొద్ది నెలలకో మా క్యాజువాలిటీకి వస్తారు. ఎక్కువగా రాత్రిపూటే వస్తారు. చప్పట్లు కొట్టినవారు అప్పుడు వెంట ఉండరు. తల్లో, భార్యో ఒక్కతే స్ట్రెచర్ పక్కన నిలబడి "మా విశ్వాసం తక్కువైందా సిస్టర్?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నాకు ఒళ్లు మండుతుంది. ఆమె మీద కాదు, ఆ భారం ఆమె నెత్తిన పెట్టినవారి మీద.

నేను ప్రార్థనను నమ్మేదాన్ని. మా నర్సింగ్ డ్యూటీ ప్రార్థనతోనే మొదలవుతుంది. డాక్టర్లు చేతులెత్తేసిన మనిషి లేచి నడిచి పోవడం కూడా చూశాను. అయితే కుష్ఠరోగిని బాగుచేసిన ప్రభువు అతనితో ఏం చెప్పాడో మార్కు సువార్త మొదటి అధ్యాయంలో చూడండి. వేదిక ఎక్కి చెప్పమనలేదు. ఎవరితోనూ చెప్పవద్దని, ముందు యాజకుడి దగ్గరికి పోయి ఒంటిని చూపించుకోమని పంపించాడు. ఆ కాలంలో కుష్ఠు పోయిందో లేదో చూసి తేల్చే పని యాజకుడిదే. అంటే స్వస్థత ఇచ్చినవాడే పరీక్షకు పంపించాడు. నిజంగా బాగైన రోగం రక్తపరీక్షకు, ఎక్స్‌రేకు భయపడదు. తిమోతి తరచు జబ్బుపడుతుంటే పౌలు అతని విశ్వాసాన్ని తప్పుపట్టలేదు, కడుపు కోసం ఏం పుచ్చుకోవాలో రాశాడు. పౌలు వెంట చివరిదాకా ఉన్న లూకా వైద్యుడు. ఇవన్నీ మన బైబిలులో ఉన్నవే.

మామూలు టీబీకి మందు ఆరు నెలలు వాడాలి. నెలా రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. రోగికి బాగైనట్టే ఉంటుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా మొండికేసే ప్రమాదం ఉంది. అప్పుడు మరింత కష్టమైన మందులు వాడాల్సివస్తుంది, ఇంట్లో పిల్లలకూ అదే మొండి జబ్బు అంటవచ్చు. ఇక్కడికి దగ్గరలో ఒక చిన్న పల్లె సంఘం స్త్రీల సమాజంవారు చేసిన పని చెప్తాను. వారి సంఘంలో ఒకాయనకు టీబీ వచ్చింది, తాగుడు కూడా ఉంది. అక్కలు వారాలు పంచుకున్నారు. ప్రతి రాత్రి ఒకరు పోయి ఆయన అన్నం తిన్నాడా, మాత్ర మింగాడా అని చూసి, ప్రార్థన చేసి వచ్చేవారు. ఒక రోజు ఆయన తిట్టి తలుపేసుకుంటే, తలుపు బయట కూర్చొని పాట పాడారట. మందు కోర్సు పూర్తయింది. చప్పట్లు కొట్టేవారు లేరు, సాక్ష్యం పోస్టర్ వేసేవారు లేరు. సంఘం ఒంట్లో కండ ఉందంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

మనసుకు వచ్చే జబ్బు గురించి కూడా ఇంతే. నిద్ర పట్టక, ఏడుపు ఆగక, చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పుకున్న కోడలికి దయ్యం పట్టిందని కొట్టడం ప్రార్థన కాదు. ఆమె కోసం మోకరించండి, డాక్టరు దగ్గరికీ తీసుకొని పోండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

మరొక గుర్తు, సంఘం నోరు. ఎవరికైనా హెచ్.ఐ.వి. ఉన్నట్టు తెలిస్తే "ప్రార్థన అంశం" అని వాట్సాప్ గ్రూపులో పేరుతో సహా పెట్టేస్తున్నారు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, మరుసటి ఆదివారం ఆ కుటుంబం పక్కన ఎవరూ కూర్చోరు. ఆస్పత్రివాళ్లం రోగి సంగతి బయట చెప్పకూడదని 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టం కట్టుదిట్టంగా చెప్తోంది. చట్టం మమ్మల్ని ఆపుతోంది సరే, విశ్వాసులను ప్రేమ ఆపవద్దా? పేరు చెప్పకపోతే దేవునికి ఎవరో తెలియదా?

కులం గురించి రాయవద్దని కొందరు సలహా ఇస్తారు. రాయకపోతే ఈ వ్యాసం సగమే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా ప్రతిష్ఠింపబడిన వి.ఎస్. అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషపు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దోర్నకల్‌లో సేవ చేశారు. మాల, మాదిగ భేదాలు సంఘంలో ఉండకూడదని ఆయన ఎంతో ప్రయాసపడ్డారు. ఒక శతాబ్దం దాటింది. మన తెలుగు సంఘాలలో పెళ్లి సంబంధం దగ్గర, సంఘ పెద్దల ఎన్నిక దగ్గర, సమాధుల స్థలం దగ్గర ఆ భేదం చచ్చిపోయిందని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పగలమా? రక్తం కావలసినప్పుడు మాత్రం ఎవరి కులం అని మా దగ్గర ఎవరూ అడగరు, గ్రూపు కలిసిందా అనే అడుగుతారు.

మన పొరుగునే ఉన్న చిలుకూరు బాలాజీ ఆలయ ప్రధానార్చకులు సి.ఎస్. రంగరాజన్‌గారు 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడలోని రంగనాథస్వామి ఆలయంలోకి ఒక దళిత భక్తుణ్ణి తన భుజాల మీద మోసుకొనిపోయారు. ఆయన మతం వేరు, మన విశ్వాసం వేరు. అయినా ఆ ఫోటో పేపరులో చూసినప్పుడు గాయపడినవాణ్ణి ఎత్తుకొనిపోయిన సమరయుడే నాకు గుర్తొచ్చాడు. ఆ ఉపమానంలో కూడా ప్రభువు మెచ్చుకున్నది మన గుడివాణ్ణి కాదు. 2025 ఫిబ్రవరిలో ఆయన ఇంటికి వెళ్లి కొందరు ఆయన మీద దాడి చేశారు. అంతకు ఏడాది ముందు, 2024 ఫిబ్రవరి 13న, శంకర్‌పల్లి మండలం జన్వాడలో రోడ్డు పని విషయంలో మొదలైన గొడవలో మెథడిస్టు చర్చి మీద దాడి జరిగింది, విశ్వాసులు గాయపడ్డారు. రెండూ మన ఇరుగుపొరుగునే. జన్వాడ కోసం ప్రార్థించిన సంఘాలలో ఎన్ని చిలుకూరు పూజారిగారి కోసం ఒక్క వాక్యం ప్రార్థించాయి? జన్వాడవారిది మన డినామినేషన్ కాదులే అని ఊరుకున్న సంఘాలు కూడా ఉంటే, అక్కడా వేలు పెట్టి నొక్కి చూడాలి. చట్టప్రకారం న్యాయం అడగటం తప్పు కాదు, పౌలు కూడా తన పౌరసత్వం గుర్తుచేసి అడిగాడు. పగ పెంచుకోవడం వేరే సంగతి.

డబ్బు లెక్కల గురించి ఎక్కువ చెప్పను. లెక్కలు అడిగినవారిని "ఆత్మీయత లేనివారు" అంటున్నారంటే అక్కడ జ్వరం ఉందని అర్థం. మందిరం స్థలం కోట్లు పలుకుతున్న ఈ రోజుల్లో ఆ జ్వరం త్వరగా పెరుగుతుంది. ఏటా లెక్కలు చదివి వినిపించి, సంఘమంతా చూసుకొనేలా తలుపు మీద అంటించండి.

ఆఖరుగా రక్తం మాట. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొన్న ఉదయాన్ని మన ప్రాంతంలో ఎవరూ మరచిపోలేరు. అంతటి ప్రమాదం జరిగినప్పుడు రక్తం ఇస్తామని ముందుకొచ్చేవారికి కొదవ ఉండదు. రక్తనిధికి రక్తం మామూలు మంగళవారం నాడు కూడా కావాలి. కాన్పులో రక్తస్రావమైన తల్లికి, తలసీమియా పిల్లవాడికి ఏ పేపరులోనూ వార్త రాదు. 18 నుండి 65 సంవత్సరాల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవారు, వేరే ఇబ్బందులు లేవని డాక్టరు చూసి చెబితే రక్తం ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. ఒక్కో సంఘం నుండి పదిమంది పేర్లు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు రాసిన కాగితం సంఘ కాపరిగారి ద్వారా పంపితే చాలు. రిజిస్టరు నర్సింగ్ ఆఫీసులో ఉంది. ఆదివారం తప్ప ఏ రోజైనా మధ్యాహ్నం రెండు గంటల తర్వాత రండి, గ్రూపు తెలియనివారికి అక్కడే పరీక్ష చేయిస్తాము.