సముద్రానికీ ఉంది తూకం లెక్క!

పెనుకొండ కోట ఎక్కి ఎంత దూరం చూసినా సముద్రం కనబడదు. ధర్మవరం మగ్గాల వీధుల్లో ఉప్పుగాలి వీచదు. హిందూపురం నుంచి బంగాళాఖాతం తీరానికి గీత గీస్తే సుమారు మూడొందల కిలోమీటర్లు. అయినా ఈ మూడు ఊళ్ల నేలమీద పడే చినుకుల్లో ఎక్కువ భాగం సముద్రం దగ్గర అప్పు తెచ్చుకున్నవే. ఆ బాకీ తీర్చడానికి పెన్నా ఉండనే ఉంది. కర్ణాటకలో పుట్టి హిందూపురం వైపుగా రాష్ట్రంలోకి అడుగుపెట్టి, ధర్మవరం పక్కగా వచ్చే చిత్రావతిని దారిలో కలుపుకుని నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరుతుంది... పారిన ఏడాది!

మరి ఆ సముద్రం నీటిలో ఏముందో, ఎంతుందో ఎవరు లెక్క రాస్తారు? రాసిన లెక్క తప్పో ఒప్పో ఎవరు చూస్తారు? అదే పనిగా పెట్టుకున్న శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా ఉన్నారు. మన విశాఖపట్నంలోనూ, హైదరాబాద్‌లోనూ ఉన్నారు.

లోతుకో సీసా

పరిశోధన నౌక ముందే అనుకున్న చోట ఆగుతుంది. ఉక్కు తాడుకు వేలాడే చట్రం ఒకటి నీళ్లలోకి దిగుతుంది. దాని చుట్టూ పన్నెండో, ఇరవై నాలుగో పొడవాటి సీసాలు. పైనా కిందా మూతలు తెరిచే పంపుతారు. పైకి లాగుతూ మూడు వేల మీటర్ల దగ్గర ఒకటి, రెండు వేల దగ్గర ఒకటి... ఇలా నౌకలో నుంచే మూతలు పడేలా చేస్తారు. ఏ లోతు నీరు ఆ సీసాలోనే బందీ!

చట్రం నౌకలోకి రాగానే హడావుడి మొదలు. ఆక్సిజన్ పరీక్షకు నీళ్లు ముందు పట్టాలి. ఆలస్యమైతే గాలిలోని ఆక్సిజన్ కలిసిపోతుంది. తర్వాత కార్బన్, ఆపైన నైట్రేట్, ఫాస్ఫేట్ లాంటి పోషకాలు, ఉప్పు. ఆక్సిజన్ కొలవడానికి వింక్లర్ అనే శాస్త్రవేత్త 1888లో చెప్పిన పద్ధతే నేటికీ ఆధారం.

ఇందులో తప్పు దొర్లడానికి సందులెన్నో. మూత సరిగా పడకపోతే పైనీళ్లు కలుస్తాయి. సీసా నంబర్లు తారుమారు కావచ్చు. రసాయనం పాతబడవచ్చు. పైగా ఒడ్డున ప్రయోగశాల కదలదు. నౌకలో బల్ల కూడా ఊగుతుంది!

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. సముద్రం దగ్గర ఆ సామెత చెల్లదు. ఒక సీసా చెప్పింది నిజమో కాదో తేల్చాలంటే దాని పైసీసా, కిందిసీసా ఏం చెప్పాయో చూడాలి. కొలతలన్నిటినీ లోతు ప్రకారం గీతగా గీస్తారు. ధర్మవరం మగ్గం మీద పడుగు సాఫీగా ఉన్నప్పుడు తెగిన పోగు ఒక్కటి ఉన్నా కంటికి తగులుతుంది కదా... గీతలో పక్కకు జరిగిన చుక్క కూడా అంతే.

ఇంకో సాక్షి సముద్రపు ఉప్పే. 1872 నుంచి 1876 దాకా ప్రపంచ సముద్రాలు చుట్టిన బ్రిటన్ నౌక 'ఛాలెంజర్' తెచ్చిన నీళ్లలో 77 నమూనాలను డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించాడు. ఉప్పదనం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉన్నా అందులోని ప్రధాన లవణాల పాళ్లు మాత్రం దాదాపు ఒక్కటేనని 1884లో ఆయన ఫలితాలు గట్టిగా చెప్పాయి. నడి సముద్రం నమూనాలో ఆ పాళ్లు కుదరలేదంటే, ముందు అనుమానించాల్సింది కొలతనే!

తప్పని తేలిన అంకెను చెరిపేయరు. జమాఖర్చుల పుస్తకంలో తప్పు పడితే కనబడేలా గీత కొట్టి పక్కన సరైనది రాసినట్టే, ఇక్కడా పాత అంకె అలాగే ఉంటుంది. దాని పక్కన ఒక గుర్తు చేరుతుంది. ఎక్కువగా వాడే పద్ధతిలో 2 అంటే మంచిది, 3 అంటే అనుమానం, 4 అంటే తప్పు, 9 అంటే కొలతే లేదు. రేపు ఇంకెవరైనా వచ్చి ఆ తీర్పును తిరగదోడవచ్చు.

ముద్ర వేసిన రాయి

ఒక నౌక లెక్క సరే. వేర్వేరు దేశాల నౌకలు వేర్వేరు ఏళ్లలో కొలిచినవి ఒకదానితో ఒకటి కలిసేదెలా? హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో రెండు కాటాలు రెండు రకాలుగా చూపిస్తే ఏం చేస్తారు? ముద్ర వేసిన తూకపురాయి పెట్టి చూస్తారు. సముద్రానికీ అలాంటి రాయి ఉంది. అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో ఆండ్రూ డిక్సన్ బృందం సముద్రపు నీటినే శుద్ధిచేసి, అందులో కార్బన్ ఎంతుందో కచ్చితంగా తేల్చి, సీసాల్లో నింపి ప్రయోగశాలలకు పంపే ఏర్పాటు చేసింది. ఆ నీళ్లను కొలిస్తే మన పరికరం ఎంత నిజం చెబుతోందో తెలిసిపోతుంది.

రెండో సాక్షి లోతు నీరు. రెండు వేల మీటర్ల కింద నీటి గుణం చాలాచోట్ల ఏళ్ల తరబడి పెద్దగా మారదు. కాబట్టి దగ్గరదగ్గరగా వెళ్లిన రెండు నౌకల లోతు కొలతలు కలవాలి. కలవకపోతే ఏదో ఒకటి తప్పు చెబుతున్నట్టే! 'గ్లోడాప్' అనే అంతర్జాతీయ సంకలనం ఈ పద్ధతిలోనే నడుస్తుంది. మొదటి కూర్పు 2004లో వచ్చింది. 2023 కూర్పులో 1,108 యాత్రల కొలతలున్నాయి. నీటి నమూనాలు 14 లక్షల పైమాటే.

ఇందులో పట్టింపు ఎంతంటే... కిలో నీటిలో కార్బన్ రెండు వేల పైచిలుకు యూనిట్లుంటే, నాలుగు యూనిట్ల తేడాను కూడా పట్టించుకుంటారు. కిలో పట్టుగూళ్ల తూకంలో సుమారు రెండు గ్రాములన్నమాట! అంత పిసినారితనం ఎందుకు? మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పావువంతును సముద్రమే మింగుతోంది. దానివల్ల పైనీటిలో కార్బన్ ఏటా పెరిగేది సుమారు ఒక్క యూనిట్. కాటా నాలుగు యూనిట్లు తప్పు చూపిందంటే నాలుగేళ్ల మార్పు గల్లంతే. సముద్రపు పైనీటి పీహెచ్ పారిశ్రామిక యుగానికి ముందున్న 8.2 నుంచి 8.1కి దిగిందని నమ్మకంగా చెప్పగలుగుతున్నారంటే ఈ పిసినారితనం పుణ్యమే. అంకెల్లో చిన్నదే. ఆమ్లగుణం లెక్కన దాదాపు 30 శాతం పెరుగుదల. గుల్లలు, పగడాలు పెంకు కట్టుకోవడం దీనివల్లే కష్టమవుతోంది.

సున్నానా... సున్నాకు దగ్గరా?

బంగాళాఖాతంలో కొన్ని వందల మీటర్ల లోతున ఆక్సిజన్ దాదాపు ఉండదు. 'దాదాపు' అన్న మాట దగ్గరే పేచీ! పూర్తిగా సున్నా అయితే అక్కడి సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చేస్తాయి. అంటే నీటి మొక్కల ఎరువు గాల్లో కలిసిపోయినట్టే. ఆ నష్టం చేపల దాకా వస్తుంది. అరేబియా సముద్రంలో ఇది పెద్దఎత్తున జరుగుతోంది. బంగాళాఖాతంలో మాత్రం ఆ జాడ పెద్దగా కనబడలేదు. ఎందుకని?

మామూలు పరీక్షకు అందనంత సూక్ష్మమైన తేడా అది. ప్రత్యేక పరికరాలతో కొలిచి, మన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలూ విదేశీ నిపుణులూ కలిసి 2017లో జవాబు ప్రకటించారు. అక్కడ ఆక్సిజన్ ఉంది. పైనీటిలో ఉండేదాంట్లో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ... కానీ ఉంది. ఆ కాస్తే కాపు కాస్తోంది. అదీ పోతే? అందుకే ఆ అంకె మీద అందరి కళ్లూ.

ఇదే సంస్థకు చెందిన విశాఖ కేంద్రం శాస్త్రవేత్తలు 1991లో మన తూర్పు తీరం పొడవునా తీసిన కొలతలను 2011 నాటివాటితో పోల్చారు. తీరానికి దగ్గర్లో పీహెచ్ మారడానికీ, నేలమీది నుంచి వెళ్లే గాలి కాలుష్యానికీ సంబంధం ఉందని 2015లో తెలిపారు. ఇరవై ఏళ్ల కిందటి కొలతను జాగ్రత్తగా దాచిన వాళ్లు లేకపోతే ఈ పోలికే లేదు.

సముద్రం లేని ఊళ్లో

సముద్రం లేని హైదరాబాద్‌లో సముద్రానికి పెద్ద ఆఫీసే ఉంది. అదే 1999లో మొదలైన 'ఇన్‌కాయిస్'. ప్రపంచ సముద్రాల్లో తేలే దాదాపు నాలుగు వేల 'ఆర్గో' పరికరాలు పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకొస్తూ వేడినీ ఉప్పునూ కొలుస్తాయి. కొన్ని ఆక్సిజన్‌నూ చూస్తాయి. మనదేశం వదిలినవాటి లెక్కలు ఇక్కడికే వస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఉప్పు కొలిచే సెన్సర్ దారి తప్పవచ్చు. అందుకే ముందు కంప్యూటర్ జల్లెడ పడుతుంది, తర్వాత నిపుణులు మళ్లీ చూస్తారు. పక్కనే నౌక తీసిన సీసా కొలత ఉంటే అదే పెద్దమనిషి సాక్ష్యం.

ఈ లెక్కలు వాతావరణ అంచనాల నమూనాల్లోకి వెళ్తాయి. నదుల మంచినీరు బంగాళాఖాతం మీద పలుచగా పరుచుకుని పైనీటిని వేడిగా ఉంచుతుంది. తుపాన్లకు ఆ వేడే మేత. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే పెనుకొండ రైతుకూ, ఆ ఉప్పు లెక్కకూ చుట్టరికం అక్కడుంది.

మన బోరుకూ ఇదే నీతి

సముద్రపు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు. తాగునీటిలో 1 దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని మన జాతీయ ప్రమాణం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఈ హద్దు దాటిన బోర్లు ఎన్నో గ్రామాలకు పాత బాధే. రిపోర్టులో 1.4 ఉంటే తాగవచ్చు, 1.6 ఉంటే తాగకూడదు. ఆ 0.2 తేడా నీళ్లదా, పరికరానిదా? పిల్లల పళ్లకూ, పెద్దల ఎముకలకూ సంబంధించిన ప్రశ్న ఇది.

కాబట్టి నీటి పరీక్ష కాగితం చేతికొస్తే అంకె ఒక్కటే చూసి మడత పెట్టకండి. నమూనా ఏ బోరుది, ఏ తేదీన తీశారు? శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలోనే పట్టారా? ముందుగా విలువ తెలిసిన ద్రావణంతో పరికరాన్ని సరిచూశారా? అదే నీటిని రెండోసారి కొలిస్తే అంతే వచ్చిందా? నాలుగు వేల మీటర్ల లోతు నీటికి అడిగే ప్రశ్నలే ఇవి. నాలుగొందల అడుగుల బోరుకు అడగడానికి మొహమాటమెందుకు!