కొని వింటున్నారా?

ఆదివారం సాయంత్రం వాడరేవు వెళ్తే పాటల సంగతి తెలుస్తుంది. చీరాల నుంచి వచ్చే ఆటోలో సినిమా పాట. బజ్జీల బండి దగ్గర సినిమా పాట. ఇసుకలో చాప పరుచుకున్న కుటుంబం సెల్‌ఫోన్లోనూ అదే. మనకు పాటంటే సినిమా పాటే! కానీ నిర్మాత, హీరో, ఆడియో కంపెనీ... ఎవరి దయా లేకుండా సొంతంగా పాటలు చేసుకుంటున్నవాళ్లూ ఉన్నారు. ఇండిపెండెంట్, అండర్‌గ్రౌండ్ అంటున్నది వాళ్లనే. మరి ఆ పాటలు డబ్బు పెట్టి కొనదగ్గవేనా?

ముందుగా గట్టి సరుకు. హైదరాబాద్ బ్యాండ్ గాడ్‌లెస్ 2021లో తెచ్చిన ఆల్బమ్ 'స్టేట్స్ ఆఫ్ కేయాస్'. ఇది డెత్ మెటల్. గాయకుడు పాడడు, గర్జిస్తాడు! తాతయ్య గదిలో ఉన్నప్పుడు పెట్టకపోవడమే మంచిది. మొదటిసారి వింటే రొద. మూడోసారికి ఆ రొదలో లెక్క తెలుస్తుంది. ఎంత వేగంగా వెళ్లినా డ్రమ్సూ గిటార్లూ ఎక్కడా తాళం తప్పవు. లోటల్లా ఒకటే. మాటలు ఇంగ్లిషు, అవీ చెవికి అందవు. ఇది మన ఊరి బ్యాండే అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

ఇంటిల్లిపాదీ వినాలంటే చౌరస్తా. జమైకా నుంచి వచ్చిన రెగె బాణీకి మన పల్లె పలుకు కలిపిన బ్యాండ్ ఇది. 'ఊరెళ్లిపోతా మామా' పాటలో ఒక్క మాట కూడా మింగేయరు. చదువుకో, కొలువుకో ఊరు విడిచినవాళ్లకు అది సూటిగా తగులుతుంది. 2020లో కరోనా మీద వీళ్లు చేసిన పాట ఫోన్ల మీదుగా ఇంటింటికీ చేరింది. చిక్కేమిటంటే, అంత మంది విన్నా కొన్నవాళ్లు తక్కువ. పాటలు యూట్యూబ్‌లో ఉచితం. ఆ గొంతుల్లో ఒకరైన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు'కు 'చిట్టి' పాడి, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాటతో సినిమా జనానికి దగ్గరయ్యారు. తప్పు పట్టలేం. ఇల్లు గడవాలి కదా!

ఇక మూడోది పాత బంగారం. అండర్‌గ్రౌండ్ అన్న మాట గుంటూరు జిల్లాకు కొత్తేం కాదు. 1940ల్లో ప్రజానాట్యమండలి కళాకారులకు ఆంక్షలూ అరెస్టులూ అలవాటే. ఆ మండలిలో ఎదిగినవాడే పొన్నెకల్లు షేక్ నాజర్. చేతిలో తంబురా, వేళ్లకు అందెలు, పక్కన ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. అంతే బ్యాండ్! నాజర్ బుర్రకథల పాత రికార్డింగుల్లో శబ్దం గరగరలాడుతుంది. అయినా ఒక్క అక్షరం జారిపోదు. గాడ్‌లెస్‌లో లేని స్పష్టత అది. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన్ని అంతకు ముందే నిలబెట్టింది మాత్రం ఊరూరా కథ పెట్టించుకుని సంభావన ఇచ్చి పంపిన జనమే.

ఇప్పుడు తెగిపోయింది ఆ లంకే. ఇవాళ కొనడం కష్టమేమీ కాదు. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట ఆల్బమ్ కొంటే, సుమారు 15 శాతం కమిషనూ చెల్లింపు ఖర్చులూ పోగా మిగతాది కళాకారులకే వెళ్తుంది. నచ్చకపోతే కొనక్కర్లేదు. నచ్చిందని పదిసార్లు విని, పదిమందికి పంపి, రూపాయి ఇవ్వకపోతే మాత్రం ఆ గొంతు రేపు సినిమాకు పోతుంది. లేదా మూగబోతుంది.

వాడరేవులో వేడివేడి బజ్జీలు తిని డబ్బులివ్వకుండా ఎవరూ లేచి రారు. పాటకు మాత్రం ఎందుకు వస్తున్నట్టు?