వాయిస్ మెసేజ్ పంపితే పాట దాచినట్టు కాదు

పోస్టు కాస్త పెద్దది, కాస్త కటువుగానూ ఉంటుంది. చివరిదాకా చదివి తిట్టండి.

మన పెద్దవాళ్ల పాటలూ మాటలూ సేకరిద్దామని అనుకున్న దగ్గర్నుంచి గ్రూపులో ఫైళ్లు వస్తూనే ఉన్నాయి. తిరగలి పాటలు, లాలి పాటలు, నాట్ల పాటలు. సంతోషమే. కానీ వాటిలో ఎక్కువ భాగం వాయిస్ మెసేజ్‌లు. కొన్నయితే ఊళ్లో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేసి, ఆ కాల్‌నే రికార్డు చేసి పంపినవి. వీటన్నిటినీ కలిపి ‘ఆర్కైవ్’ అని పేరు పెట్టడానికి మేము ఒప్పుకోం.

ఫోన్ శబ్దాన్ని సెకనుకు ఇన్నిసార్లని కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం ఫ్రీక్వెన్సీ వరకే శబ్దం మిగులుతుంది. మామూలు ఫోన్ కాల్‌లో ఆ కొలత 8,000 సార్లు. అంటే 4 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా పోయినట్టే, నిజానికి 3.4 దగ్గరే కోత పడుతుంది. హెచ్‌డీ కాల్ అయితే 16,000. వాయిస్ మెసేజ్‌లూ చాలావరకు ఆ దగ్గర్లోనే. సీడీలో 44,100. ధ్వని భద్రపరిచేవాళ్ల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కనీసం 48,000 ఉండాలంటుంది.

"మాట అర్థమవుతోంది కదా, ఇంకేం కావాలి?" అని గ్రూపులో అడిగారు. అర్థం కావడం వేరు, వినబడడం వేరు. ‘స’ పలికినప్పుడు వచ్చే రాపిడి బలమంతా ఎక్కువగా 4 కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది. ఫోన్లో ఇంటిపేరు చెబితే ఎస్సా, ఎఫ్ఫా అని రెండుసార్లు అడిగేది అందుకే. ఇక మన ‘చ’ సంగతి చూడండి. ‘చుక్క’, ‘చాప’లో ఒక చ, ‘చిలుక’, ‘చేప’లో ఇంకో చ. ఆ తేడా కూడా చాలావరకు పై ఫ్రీక్వెన్సీల్లోనే తెలుస్తుంది. హోసూరులో మన చుట్టూ ఉన్న తమిళానికీ కన్నడకూ ‘చుక్క’లోని చ లేదు, షోలాపురంలో మరాఠీకి ఉంది. తరాల తరబడి వేరే భాషల మధ్య బతికిన మన నోట్లో ఆ చ నిలిచిందా, మారిందా? రేపు మన మనవలు అడిగితే ఈ ఫైళ్లు జవాబు చెప్పలేవు.

తర్వాత సాఫ్ట్‌వేర్‌తో బాగుచేసుకోవచ్చట. 8,000ను 48,000కి మారిస్తే ఫైలు లావెక్కుతుంది గానీ పోయిన శబ్దం రాదు. ఏఐ పూడుస్తుందంటారా, అప్పుడు వినబడేది యంత్రం ఊహించిన ‘స’. మన అవ్వది కాదు.

ఖర్చు మాట ఎత్తకండి. మైకులు కొనమని మేము అనడం లేదు. 44,100 అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పనిచేస్తుందని గూగుల్ తన డెవలపర్ పత్రాల్లోనే రాసింది. ఐఫోన్ వాయిస్ మెమోస్‌లో ‘లాస్‌లెస్’ అని ఎంపిక ఉంది. 44,100తో, 16 బిట్లతో, మోనోలో నిమిషానికి సుమారు 5.3 ఎంబీ. పెళ్లి వీడియోలకు లేని చోటు సమస్య అవ్వ పాట దగ్గరే వస్తుందా?

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మాత్రం తీసేయండి. దాని మైకుతో రికార్డు చేస్తే యాప్ 48,000 అని చూపించినా లోపలికి వచ్చేది చాలాసార్లు 8,000 లేదా 16,000. నాయిస్ రిడక్షన్ ఆపే వీలుంటే ఆపండి. దానికి ఫ్యాను మోతా ఒకటే, చేతి తాళాలూ ఒకటే.

అవ్వ మంచాన పడి, మనవరాలు దూరాన ఉండి, కాల్ తప్ప దారి లేకపోతే ఆ కాల్ రికార్డే బంగారం. దాచండి. పక్కన ‘ఫోన్ కాల్’ అని మాత్రం రాయండి.

కార్యవర్గాన్ని మేము అడిగేది ఇంతే. వచ్చే సమావేశంలో తీర్మానం పెట్టండి: డబ్ల్యూఏవీ ఫైలు, 44,100కు తగ్గకుండా, వాయిస్ మెసేజ్‌గా కాక డాక్యుమెంట్‌గా పంపాలి. ఇప్పటికే వాయిస్ మెసేజ్‌గా వచ్చిన పాటల్లో, పాడినవాళ్లకు ఎనభై దాటినవి ముందు వేరు చేసి, వాళ్ల ఇళ్లకు మళ్లీ మనుషుల్ని పంపండి. వెళ్లడానికి మాలో నలుగురం సిద్ధంగా ఉన్నాం.