సముద్ర చమురు క్షేత్రాలకు సహాయక నౌకలే ఆధారం

కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రగర్భ చమురు, సహజ వాయు ఉత్పత్తికి కాకినాడ ముఖ్య స్థావరం. కేజీ-డి6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో వాయు ఉత్పత్తి ఆరంభం కాగా, ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో 2024 జనవరి 7న తొలి చమురు వెలువడింది. నడిసముద్రంలోని రిగ్గులకు ఇంధనం, మంచినీరు, ఆహారం, సిమెంటు, పైపులు చేరవేసేవి సహాయక నౌకలే. లంగరు వేయకుండానే, కంప్యూటర్ నియంత్రణలోని ప్రొపెల్లర్ల సాయంతో ఇవి రిగ్గు చెంత నిలకడగా ఉండగలవు.

చమురు సంస్థలు ఈ నౌకలను సాధారణంగా రోజువారీ అద్దె ప్రాతిపదికన తీసుకుంటాయి. పని నిలిచిన ప్రతి దినమూ ఎవరికో ఒకరికి నష్టమే. తుపాను వేళ ఈ లెక్క ప్రాణాల మీదికి రాకూడదు. 2021 మే 17న తౌక్తే తుపానులో, రేవుకు చేరకుండా ముంబై తీరానికి ఆవల ఉండిపోయిన పి-305 వసతి బార్జి మునిగిపోయింది. అందులోని 261 మందిలో 186 మందిని మాత్రమే కాపాడగలిగారు. ఆ రక్షణ చర్యలలో నౌకాదళంతో పాటు సహాయక నౌకలూ పాల్గొన్నాయి.

ప్రాణరక్షణకై కెప్టెన్ తీసుకునే నిర్ణయాన్ని నౌక యజమాని గాని, అద్దెకు తీసుకున్న సంస్థ గాని అడ్డగించరాదని అంతర్జాతీయ సోలాస్ ఒప్పందం నిర్దేశిస్తోంది. తుపానుల తాకిడి అధికంగా గల బంగాళాఖాతంలో ఈ సూత్రం అమలు కావాలంటే, హెచ్చరిక మేరకు రేవుకు మరలిన దినాల అద్దెను ఒప్పందంలోనే స్పష్టంగా నిర్ణయించడం ఆవశ్యకం.