పసిచేతుల తార

డిసెంబరు వచ్చినంతనే అనంతపురము బజారులలో ప్లాస్టిక్ తారలు వ్రేలాడును. కొన్ని శిశుశాలలు వానిని కొని తగిలించును. కొన్ని కాగితము, జిగురు పిల్లలకిచ్చి, తుదకు పనిని పంతులమ్మచేతనే పూర్తి చేయించును. రెండును ఒకటియే.

1837లో జర్మనీలో శిశుశాలకు నాంది పలికిన ఫ్రోబెల్ పసివారికిచ్చిన పనులలో కాగితమునకు బెజ్జములు పొడుచుట యొకటి. ఆ విద్యకై మనము జర్మనీ పోనక్కరలేదు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో మేకతోలును వెలుగు దూరునంత పలుచన చేసి, రంగులద్ది, బెజ్జములు తొలిచి బొమ్మలు చేయు కుటుంబములు నేటికిని ఉన్నవి. పలుచని కాగితమునకు వేరుసెనగనూనె రాచి (వాన మొగము చాటుచేసిన యేటనైనను ఆ చెంచాడు నూనె దొరకకపోదు) మొద్దుసూదితో బిడ్డచేత పొడిపించినచో, కిటికీ వెలుతురున తార మెరయును.

బెజ్జములు వంకరపోవును, కోణములు నాలుగే తేలవచ్చును. పంతులమ్మ దానిని దిద్దక, బిడ్డ పేరు వ్రాసి, అట్లే గుమ్మమునకు కట్టవలెను.