287 రోడ్డు మీద మూడు ఫ్యాక్టరీలు

న్యూజెర్సీ పార్సిప్పనీలో 287 ఎక్కి దక్షిణానికి పోతే బ్రిడ్జ్‌వాటర్ గుడి, ఆపైన ఎడిసన్. ఉత్తరానికి పోతే మావా, హడ్సన్ దాటాక టారీటౌన్. మనవాళ్లు రోజూ తిరిగే ఈ ఒక్క రోడ్డు పొడుగునా మూడు కార్ల ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. మావాలో ఫోర్డ్ 1980లో, నార్త్ టారీటౌన్‌లో జనరల్ మోటార్స్ 1996లో, ఎడిసన్‌లో ఫోర్డ్ 2004లో.

మావా స్థలంలో హోటలూ ఆఫీసులూ లేచాయి. నార్త్ టారీటౌన్ అయితే ఆ ఏడాదే పేరు మార్చుకుని స్లీపీ హాలో అయింది. కార్లు పోయాయి కనుక, ఆ పేరుతో ఉన్న కథలోని తలలేని గుర్రపు రౌతు దెయ్యంతో బతుకుదామనుకున్నట్టుంది! నది ఒడ్డున ఇప్పుడు ఖరీదైన ఇళ్లు. ఒకప్పుడు మస్టాంగ్‌లు తయారైన ఎడిసన్ స్థలంలో టాప్‌గోల్ఫ్ ఆడుతున్నారు. అక్కడ కూలగొట్టిన కాంక్రీటును పిండిచేసి వేరే బిల్డరు స్థలాలకు మెరక తోలారు. అందులో పీసీబీ విషం ఉందని తర్వాత తేలి, ఫోర్డ్, ఆ బిల్డరు కోర్టుకెక్కారు.

యూనియన్ ఏం చేసిందని అడగొచ్చు. మూసే నిర్ణయం మీద యజమాని బేరమాడక్కర్లేదు, మూశాక కార్మికులకు దక్కేదాని గురించి మాట్లాడితే చాలని 1981లో సుప్రీంకోర్టే చెప్పింది. అయినా ఆ గీతను బేరంతో దాటిన సందర్భం ఒకటుంది. ఇలినాయ్‌లోని బెల్విడీర్ ప్లాంటును కార్ల కంపెనీ స్టెలాంటిస్ 2023 ఫిబ్రవరిలో ఆపేస్తే, ఆ ఏడాది సమ్మెలో కార్ల కార్మికుల యూనియన్ యూఏడబ్ల్యూ దాన్ని తిరిగి తెరిపించే హామీ రాయించుకుంది. కంపెనీ నాన్చింది. యూనియన్ మళ్లీ సమ్మె మాటెత్తాక 2027లో తెరుస్తామని 2025 జనవరిలో ఒప్పుకుంది. స్థలం భవిష్యత్తు కూడా బేరంలో భాగమేనని నేను నమ్మేది ఇందుకే.

ఇది కార్ల వాళ్ల గొడవ కదా అనుకునేవారు మన ఆఫీసు పార్కులు చూడండి. ఖాళీ అయినవి అపార్ట్‌మెంట్లుగా, గోడౌన్లుగా మారుతున్నాయి. వాటిలో పనిచేసిన మనకు యూనియన్ లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మిగిలేది 60 రోజుల గడువు. న్యూజెర్సీలో సామూహికంగా తీసేసే పెద్ద కంపెనీ 90 రోజుల నోటీసివ్వాలి, పనిచేసిన ఏడాదికి ఒక వారం జీతం కట్టాలి. 2023 ఏప్రిల్ 10న అమల్లోకొచ్చిన ఈ నిబంధన ఆకాశం నుంచి ఊడిపడలేదు. పక్కనే వేన్‌లో హెడ్డాఫీసున్న టాయ్స్ ఆర్ అస్ 2018లో దుకాణాలు మూసినప్పుడు రోడ్డున పడ్డ సిబ్బంది పోరాడి తెచ్చుకున్నది. దాని ఫలం అందుకునే ఐటీవాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసు?

ఇక ఆ ఖాళీ స్థలాల్లో గోడౌను కట్టేవాడు టౌన్‌షిప్‌ను పన్ను రాయితీ అడిగితే, పనివాళ్ల జీతం మీద షరతు పెట్టే వీలు అక్కడే ఉంది. బహిరంగ విచారణల్లో మనవాళ్లు మైకు పుచ్చుకుని ట్రాఫిక్ గురించీ స్కూళ్ల గురించీ గట్టిగానే అడుగుతారు. ఆ గోడౌన్లో గంటకు ఎంతిస్తారని కూడా అడగాలి.