ముక్కుకు ముక్కు: ఇది నాక్ రగడ్నా కాదు



ఇద్దరు అరబ్ షేఖులు ఎదురెదురుగా నిలబడి ముక్కుకు ముక్కు తాకించుకునే వీడియోలు మన ఫ్యామిలీ గ్రూపుల్లోకి తరచూ వస్తుంటాయి. పిల్లలు పగలబడి నవ్వుతారు. ఖలీజ్‌లో పదేళ్లు పనిచేసి వచ్చిన మామూ ఎవరో "నవ్వకండి బేటా, అది సున్నత్" అని గద్దిస్తారు. నన్నడిగితే ఇద్దరిదీ గలతే.

అసలు చిక్కు మన మాటల్లో ఉంది. ఉర్దూలో నాక్ రగడ్నా అంటే కాళ్లావేళ్లా పడి బతిమాలుకోవడం. తెలుగులో ముక్కు నేలకు రాయించడమంటే శిక్ష. అందుకే "ముక్కులు రుద్దుకుంటారట" అనగానే మన చెవికి జిల్లత్‌లాగో తమాషాలాగో వినిపిస్తుంది. ఖలీజ్‌లో ఎవరూ రుద్దరు. ముక్కు కొనలు ఒకటి రెండుసార్లు తాకిస్తారు, అంతే. అరబీలో ముక్కు అంటే అన్ఫ్. ఆత్మగౌరవానికి వాడే 'అనఫా' అనే మాటా ఆ ధాతువుదే. అక్కడి వాడుక భాషలో ముక్కును ఖష్మ్ అంటారు. ఏదైనా పని చెబితే "అలా ఖష్మీ" అని జవాబిస్తారు, నా ముక్కు మీద అని. మనం "సర్ ఆంఖోఁ పర్" అనమూ? నాక్ అంటే ఇజ్జత్ అని మనకూ తెలుసు. తెలియకపోతే "ఖాందాన్ కీ నాక్ కట్ గయీ" అని ఏడవడం ఎందుకు? ఇద్దరు బరాబర్ మనుషులు తమ ఇజ్జత్‌ను ఒకరిదొకరికి ఆనించుకోవడం అది. ఎదుటివారు వయసులో పెద్దవారైతే చిన్నవాళ్లు వారి ముక్కునో నుదుటినో ముద్దాడతారు.

ఇక సున్నత్ సంగతి. తిర్మిజీలో హజ్రత్ అనస్ (రజి.) రివాయత్ ఉంది. సోదరుణ్ణి కలిసినప్పుడు వంగాలా అని ఒకరు అడిగితే ప్రవక్త (స) వద్దన్నారు. చేయి కలపాలా అంటే అవునన్నారు. సఫర్ నుంచి వస్తే సహాబాలు ముఆనఖా చేసుకునేవారు. సలాం, ముసాఫహా, ముఆనఖా: మనకు అందిన అదబ్ ఇది. ముక్కు తాకించడం ఖలీజ్ అరబ్బుల రివాజు. ఈజిప్టు, సిరియా అరబ్బులు బుగ్గలు కలుపుతారు. మరి వాళ్లు సున్నత్ వదిలేసినట్టా? అరబ్బులు చేసేదల్లా దీన్ అనుకోవడం మన పాత జబ్బు.

నవ్వే పిల్లల తప్పు కూడా పెద్దగా లేదు. స్కూల్లో నేర్చుకొచ్చింది "ఎస్కిమో ముద్దు", పెదవులు గడ్డకట్టి అతుక్కుపోతాయని ముక్కులు రుద్దుకుంటారనే కథ. అది ఉత్త కట్టుకథ. ఇన్యుయిట్ వాళ్లు 'కునిక్' అంటారు. తల్లి బిడ్డ బుగ్గకు ముక్కూ పై పెదవీ ఆనించి వాసన పీలుస్తుంది. మన నానీలు మనవళ్లను పట్టుకుని చేసేది మరేమిటి? మంచు దేశపు వింతగా దాన్ని ప్రపంచానికి చూపించింది సినిమాలు, కార్టూన్లు. న్యూజిలాండ్ మావోరీలది ఇంకో తరీఖా, పేరు హోంగీ: ముక్కూ నుదురూ ఆనించి ఊపిరి పంచుకోవడం. 1835లో అక్కడికి వెళ్లిన డార్విన్ కూడా దీన్ని రుద్దడం అనకూడదు, ఒత్తడం అనాలి అని రాశాడు. దాదాపు రెండువందల ఏళ్లయినా లోకం ఇంకా రుద్దడమనే అంటోంది.

2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో జరిగిన కాల్పుల్లో 51 మంది షహీద్ అయ్యారు, అందులో మన హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతి రోజుల్లో మావోరీలు నమాజీలకు హోంగీ ఇస్తున్న ఫొటోలు వచ్చాయి. వాటిని చూసి ఎవరికైనా నవ్వొస్తుందా?

కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి వీసా మీద బయలుదేరే తమ్ముళ్లకు ఒక మాట. కఫీల్ ఎదురైతే మీ అంతట మీరు ముక్కు ముందుకు పెట్టకండి, అది సమానులు, దగ్గరివాళ్లు చేసుకునే పలకరింపు. సలాం చెప్పి కుడిచేయి చాచండి. ఆయనే ముందుకు వంగితే బెదిరి వెనక్కి జరగొద్దు, మెల్లగా తాకించండి, చాలు.